టార్కు రెంచి: ఇంటి కారుకు, ట్రాక్టరుకు తగినది ఎన్నుకొను విధము

ఎడ్లబండి చక్రము ఊడిపోకుండ కాచునది ఇరుసు చివరనుండు కడసీల. అది ఉన్నదో లేదో కంటితో చూచి చెప్పవచ్చును. నేడు అనేక గ్రామములలో బండి నిలుచు చోట ట్రాక్టరు, దాని ప్రక్కన కారు కనిపించుచున్నవి. కారు చక్రమును కాచునవి నాలుగైదు నట్లు. అవి ఉన్నవని కంటికి తెలియును గాని, తగినంత బిగిసినవా, తక్కువ బిగిసినవా, మితిమీరి బిగిసినవా యన్నది కంటికి తెలియదు. చేతికి కూడ నిశ్చయముగా తెలియదు. దానిని కొలిచి చెప్పు సాధనమే టార్కు రెంచి.

చక్రము మార్చుట, ఇంజను ఆయిలు మార్చుట, స్పార్కు ప్లగ్గు మార్చుట వంటి పనులను ఇంటివద్దనే చేసికొను రైతులు అనేకులు కలరు. అట్టివారు ఏ టార్కు రెంచిని కొనవలెను, కొన్నదానిని ఎట్లు వాడవలెను, ఎట్లు భద్రపరచవలెను అను విషయములు ఈ వ్యాసమున వివరించబడినవి. ముందుగా ఒక్క మాట మనస్సున నిలుపుకొనవలెను. టార్కు రెంచి తక్కెడ వంటిది, సమ్మెట వంటిది కాదు. ఇది కొలుచుటకే గాని బలము చూపుటకు గాదు. ఈ ఒక్క సంగతి గ్రహించినచో ఎన్నిక సులభమగును.

టార్కు అనగా ఏమి?

పానా చివర పట్టుకొని త్రిప్పినప్పుడు నట్టుపై పడు మెలిబలమునకే టార్కు అని పేరు. ఇది రెండింటిపై ఆధారపడియుండును. ఒకటి చేతితో వేయు బలము, రెండవది నట్టు నడిమినుండి చేతివరకు గల దూరము. అర మీటరు పొడవుగల పానా చివర 20 కిలోల బరువు వ్రేలాడదీసినచో నట్టుపై సుమారు 98 న్యూటన్-మీటర్ల టార్కు పడును. చాల చిన్న కార్ల చక్రపు నట్లకు కావలసినది ఇంచుమించు ఇంతే.

ఇప్పుడు రోడ్డు ప్రక్కన తరచుగ కనిపించు పనిని ఈ లెక్కతో పరిశీలింతము. చక్రము మార్చిన మనిషి, నట్టు గట్టిగా ఉండవలెనని పానాపైకెక్కి నిలుచును. అతని బరువు 60 కిలోలు, పానా పొడవు అర మీటరు అనుకొందము. అప్పుడు నట్టుపై పడునది సుమారు 294 న్యూటన్-మీటర్లు. కావలసినదానికి ఇది మూడింతలు. పానాకు ఇనుప గొట్టము తొడిగి పొడవు పెంచినచో చెప్పనక్కరలేదు. పంక్చరు షాపులలో గాలితో నడచు గన్నుతో కొలత లేక బిగించినను ఇదే ప్రమాదము కలదు.

హెచ్చు బిగించినను నష్టమే, తగ్గించినను నష్టమే

బోల్టు కడ్డీవలె కనిపించినను అది పనిచేయునది స్ప్రింగువలె. నట్టును బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగి, తిరిగి కుదించుకొనుటకు ప్రయత్నించును. ఆ ప్రయత్నమే చక్రమును హబ్బునకు అదిమిపట్టును. 12 మిల్లీమీటర్ల లావుగల పొడి బోల్టును 100 న్యూటన్-మీటర్లకు బిగించినచో అది సుమారు 4,000 కిలోల బరువుతో సమానమైన బలముతో అదిమిపట్టును. చక్రము కదలక నిలుచుటకు ఈ అదుముడే కారణము.

తక్కువ బిగించినచో చక్రము హబ్బుపై అణుమాత్రము కదలుచుండును. ఆ కదలికకు నట్టు మరింత వదులగును. చక్రములోని రంధ్రములు కోలగా అరిగి, చివరకు నడుచుచున్న బండినుండి చక్రము ఊడిపోవచ్చును. మితిమీరి బిగించినచో బోల్టు తిరిగి కుదించుకొనలేనంతగా సాగిపోవును. అట్టి బోల్టు పైకి బాగుగనే కనిపించును గాని దాని పట్టు పోవును. ఆ తరువాత ఎప్పుడో గుంతలో పడినప్పుడో, బరువు వేసినప్పుడో తెగును. మరలు చెడిపోవుట, బ్రేకు డిస్కు సమముగా నిలువక బ్రేకు త్రొక్కినప్పుడు వణుకు పుట్టుట కూడ కలవు. అంతేగాక, దారిలో పంక్చరు పడినప్పుడు మితిమీరి బిగించిన నట్టును ఇంటిలోని ఆడవారుగాని, వృద్ధులుగాని విప్పలేరు. రాత్రివేళ ఆస్పత్రికి పోవుచుండగా ఇట్టి స్థితి ఏర్పడిన నష్టము రూపాయలలో లెక్కకు రాదు.

ఆయిలు డ్రెయిన్ ప్లగ్గు సంగతి వేరు. ఇంజను క్రింది తొట్టి అల్యూమినియముతో చేయబడినదైనచో ఇనుప ప్లగ్గును గట్టిగా త్రిప్పగనే లోపలి మరలు ఊడివచ్చును. అప్పుడు తొట్టినే మార్చవలసి రావచ్చును. ఒక్క చుట్టు హెచ్చు త్రిప్పిన పాపమునకు ఇంత ఖర్చు.

టార్కు రెంచి పుట్టుక కూడ ఇట్టి చిక్కునుండియే జరిగినదని చెప్పుదురు. 1918లో అమెరికా దేశపు న్యూయార్కు నగర నీటి సరఫరా శాఖలో పనిచేయుచున్న కాన్రాడ్ బార్ అనునతడు, గొట్టముల అంచులను కలుపు బోల్టులు మితిమీరి బిగించబడకుండుటకై ఇట్టి పనిముట్టును రూపొందించినట్లు చెప్పుకొనెను.

ముందు పుస్తకము, తరువాత దుకాణము

టార్కు రెంచి కొనుటకు బయలుదేరుటకు ముందు, బండితో వచ్చిన యజమాని పుస్తకము తెరచి ఏ నట్టుకు ఎంత టార్కు వ్రాయబడినదో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పుస్తకము పోయినచో ఆ కంపెనీవారి సర్వీసు కేంద్రమున అడిగి తెలిసికొనవలెను. పొరుగువాని బండి లెక్క మన బండికి పనికిరాదు. ఒకే కంపెనీ చేసిన రెండు కార్లకు కూడ లెక్కలు వేరుగ నుండవచ్చును.

ఒక అంచనా కొరకు మాత్రమే ఈ అంకెలు ఇచ్చుచున్నాము. కార్ల చక్రపు నట్లకు సాధారణముగా 80 నుండి 130 న్యూటన్-మీటర్ల వరకు, డ్రెయిన్ ప్లగ్గునకు 25 నుండి 45 వరకు, స్పార్కు ప్లగ్గునకు 12 నుండి 30 వరకు ఉండును. ట్రాక్టరు వెనుక చక్రపు నట్లకు 200 దాటి కావలసియుండును. బిగించునప్పుడు మాత్రము మీ పుస్తకములోని అంకెయే ప్రమాణము.

కొలమానములను గూర్చి ఒక జాగ్రత్త అవసరము. కొన్ని పుస్తకములలో, ముఖ్యముగా పాత ట్రాక్టర్ల పుస్తకములలో, కిలోగ్రాము-మీటర్లుగాని ఫుట్-పౌండ్లుగాని వ్రాయబడియుండును. 100 న్యూటన్-మీటర్లు 10.2 కిలోగ్రాము-మీటర్లకు, ఇంచుమించు 74 ఫుట్-పౌండ్లకు సమానము. రెంచిపై రెండు వరుసల అంకెలు ఉన్నప్పుడు 100 న్యూటన్-మీటర్లకు బదులు 100 ఫుట్-పౌండ్ల గీతకు త్రిప్పినచో నట్టుపై 136 న్యూటన్-మీటర్లు పడును. కావున న్యూటన్-మీటర్ల అంకెలు స్పష్టముగా చెక్కబడిన రెంచిని ఎన్నుకొనుట మంచిది.

ఏ కొలత రెంచి కావలెను?

పెద్దది కొనినచో అన్నింటికి పనికివచ్చునను భ్రమ కొందరికి కలదు. ధాన్యపు బస్తాలు తూచు కాటాపై బంగారము తూచగలమా? టార్కు రెంచియు అంతే. స్ప్రింగుతో పనిచేయు రెంచి, తన గరిష్ఠ కొలతలో ఐదవ వంతునకు దిగువను నమ్మదగినట్లు కొలువదు. 300 న్యూటన్-మీటర్ల రెంచి 60కి దిగువ పనికిరాదు. దానితో 35 న్యూటన్-మీటర్ల డ్రెయిన్ ప్లగ్గును బిగించబోయినచో, అది టిక్కుమనుటకు ముందే మరలు ఊడును. మనము తరచుగ బిగించు అంకె రెంచి కొలతల నడిమి భాగమున పడునట్లు చూచుకొనుటయే ఎన్నికలో ముఖ్య సూత్రము.

రెంచి తలపై సాకెట్టు తగిలించు చదరపు మొన ఉండును. దాని కొలతనుబట్టి రెంచి శక్తి తెలియును.

1. పావు అంగుళపు మొన: మిక్కిలి చిన్న బోల్టులకు. ఇంటి పనికి అరుదుగ కావలసివచ్చును.

2. మూడెనిమిదవ వంతుల అంగుళపు మొన: సుమారు 10 నుండి 60 న్యూటన్-మీటర్లవరకు కొలుచునది డ్రెయిన్ ప్లగ్గునకు, స్పార్కు ప్లగ్గునకు తగును.

3. అర అంగుళపు మొన: సుమారు 40 నుండి 200 న్యూటన్-మీటర్లవరకు కొలుచునది కారు చక్రములకు సరిగ్గా తగును.

4. ముప్పావు అంగుళపు మొన: ట్రాక్టరు వెనుక చక్రముల వంటి పెద్ద పనులకు. దీని వెల, బరువు రెండును హెచ్చు.

కావున కారుమాత్రమే ఉన్న ఇంటివారు, ఒక్కటే కొనదలచినచో, అర అంగుళపు మొనగల 40-200 కొలత రెంచిని కొనవలెను. ఆయిలు కూడ స్వయముగా మార్చువారు రెండవదిగా మూడెనిమిదవ వంతుల మొనగల చిన్న రెంచిని చేర్చుకొనవలెను. ట్రాక్టరుకు కావలసిన పెద్ద రెంచిని ఇంటింట కొనుట దుబారా. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రమువారు గాని, రైతు సంఘమువారు గాని ఒకటి కొని ఉంచినచో ఊరందరికి ఉపయోగపడును. గ్రామాధికారులు ఈ విషయమున శ్రద్ధ వహించవలెను.

రకములు, వాటి మంచిచెడ్డలు

ముల్లు కడ్డీ రకము: ఇందులో రెండు కడ్డీలు ఉండును. బలము వేసినప్పుడు లావు కడ్డీ వంగును, సన్నని కడ్డీ వంగక పలకపైనున్న అంకెను చూపును. ఇందు చెడిపోవు భాగములు దాదాపు లేవు. ముల్లు సున్న వద్ద లేకున్నచో కొద్దిగ వంచి సరిచేసికొనవచ్చును. ఎదురుగ నుండి అంకె చదువవలసి యుండుట దీని లోపము. కారు క్రింద ఇరుకు చోట ఇది సాధ్యముకాదు. వెల తక్కువ. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే వాడు ఇంటికి ఇది మిక్కిలి తగినది.

గడియారపు ముఖము రకము: బలమును గుండ్రని పలకపై ముల్లు చూపును. చదువుట సులభము. క్రిందపడినచో త్వరగా చెడును. ఇంటి పనికంటె కర్మాగారములలో పరీక్షలకు ఇది తగును.

క్లిక్కు రకము: పిడి త్రిప్పి కావలసిన అంకెకు అమర్చుకొనవలెను. ఆ టార్కు రాగానే టిక్కుమని శబ్దము వచ్చి, చేతికి చిన్న జర్కు తగులును. చీకటిలోను, ఇరుకులోను పనిచేయవచ్చును. సాధారణముగా దీని తప్పు నూటికి నాలుగు పాళ్లకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. అనగా 100కు అమర్చినచో 96 నుండి 104 లోపల బిగియవలెను. తరచుగ పనిచేయువారికి ఇది అనుకూలము. అయితే లోపల స్ప్రింగు ఉండుటచే జాగ్రత్తగా భద్రపరచవలెను. టిక్కుమన్న తరువాత కూడ త్రిప్పినచో ఇది ఆపజాలదు.

ఎలక్ట్రానిక్ రకము: అంకెలను తెరపై చూపి, కూత కూయును. కొన్ని త్రిప్పిన కోణమును కూడ కొలుచును. వెల హెచ్చు. బ్యాటరీ అయిపోయినచో పనిచేయదు. షెడ్డులోని దుమ్ము, తేమ దీనికి పడవు. ఇంటి పనికి ఇది తప్పనిసరి కాదు.

కొనునప్పుడు పెట్టెతోపాటు పరీక్షా పత్రము ఉన్నదా, రెంచిపై చెక్కిన వరుస సంఖ్య ఆ పత్రములోని సంఖ్యతో సరిపోవుచున్నదా చూడవలెను. అమర్చిన అంకె దానంతట అది తిరుగకుండ తాళము వంటి ఏర్పాటు ఉండవలెను. మన నట్టుకు సరిపోవు ఆరు మూలల సాకెట్టును అప్పుడే కొనుట మంచిది. పన్నెండు మూలల సాకెట్టు అరిగిన నట్టుపై జారును.

వాడు విధము

చక్రపు నట్లను బిగించునప్పుడు ఈ క్రమమును పాటింపవలెను. మొదట హబ్బుపైన, చక్రపు లోతట్టున ఉన్న తుప్పును, మట్టిని తీగ బ్రష్షుతో తుడువవలెను. పొలమునుండి వచ్చిన బండికి ఇది మరింత ముఖ్యము. ఎండిన బురద పొర మధ్యనున్నచో నట్టు బిగిసినట్లు కొలత చూపును గాని, నాలుగు మైళ్లు నడచినంతనే ఆ పొర నలిగి నట్టు వదులగును.

పుస్తకములో చెప్పిననే తప్ప బోల్టు మరలకు నూనెగాని గ్రీజుగాని పూయరాదు. దీనికి కారణము కలదు. మనము వేయు మెలిబలములో ఇంచుమించు నూటికి తొంబది పాళ్లు నట్టు క్రింది రాపిడికి, మరల రాపిడికి ఖర్చగును. బోల్టును సాగదీయునది మిగిలిన పది పాళ్లు మాత్రమే. నూనె పూసి రాపిడి తగ్గించినచో మిగులు పాలు పెరిగి, రెంచి అదే అంకె చూపుచున్నను బోల్టు ఎంతో హెచ్చుగ సాగును.

నట్లను మొదట చేతితో, మరలు సరిగా పట్టునట్లు త్రిప్పవలెను. తరువాత మామూలు పానాతో ఎదురెదురు నట్లను క్రమముగా కొద్దికొద్దిగ బిగించవలెను. ఒక ప్రక్కనుండి వరుసగ బిగించినచో చక్రము ఏటవాలుగ కూర్చుండును. జాకీని దించి టైరు నేలను తాకిన తరువాత టార్కు రెంచితో సగము లెక్కకు ఒకసారి, పూర్తి లెక్కకు రెండవసారి, అదే ఎదురెదురు క్రమమున బిగించవలెను. రెంచిని పిడి నడుమ ఒక చేతితో పట్టి, కుదుపు లేక నెమ్మదిగ లాగవలెను. టిక్కుమనగానే ఆపవలెను. నమ్మకము కొరకు మరల మరల టిక్కుమనిపించినచో ప్రతిసారి నట్టు కొంచెము కొంచెము హెచ్చు బిగియును. 80 నుండి 100 కిలోమీటర్లు నడచిన తరువాత చల్లబడిన చక్రమును ఒకసారి తిరిగి సరిచూడవలెను.

టార్కు రెంచితో నట్లను విప్పరాదు. తుప్పుపట్టిన నట్టును విప్పుటకు ఎంత బలము కావలెనో ఎవరును చెప్పలేరు. ఆ పనికి మామూలు పానా ఉన్నది. రెంచి పిడికి గొట్టము తొడుగరాదు. చేయి వేయు చోటు మారినచో కొలత మారును. తల ముందుకు పొడవు పెంచు ముక్క తగిలించినను లెక్క మారును. 45 సెంటీమీటర్ల రెంచికి ముందు 5 సెంటీమీటర్ల ముక్క తగిలించినచో, 100 న్యూటన్-మీటర్లు కావలసినచోట 90కే అమర్చవలెను.

ఇంజను హెడ్ బోల్టుల జోలికి ఇంటివద్ద పోకుండుట మేలు. నేటి ఇంజనులలో అనేకమునకు మొదట కొంత టార్కు, పిమ్మట కొంత కోణము త్రిప్పవలసియుండును. అట్టి బోల్టులలో కొన్ని ఒక్కసారి వాడుటకే తయారైనవి.

రెంచి సరియైనదా, కాదా?

నిలువ యుంచునప్పుడు క్లిక్కు రకపు రెంచిని దాని అన్నిటికంటె తక్కువ అంకెకు త్రిప్పి ఉంచవలెను. అంతకు దిగువకు విప్పరాదు. బిగించిన స్థితిలో నెలల తరబడి ఉంచినచో స్ప్రింగు అలసిపోవును. పెట్టెలో పొడిచోట ఉంచవలెను. పొరపాటున క్రింద పడినచో పరీక్షింపక వాడరాదు. వృత్తిగా పనిచేయువారు 12 నెలలకుగాని, 5,000 సార్లు వాడిన తరువాతగాని, ఏది ముందైన అప్పుడు, పరీక్షించు కేంద్రములో సరిచూపించవలెను.

రైతు తన ఇంటివద్దనే ఒక మోటు పరీక్ష చేసికొనవచ్చును. రెంచి చదరపు మొనను బెంచి వైసులో గట్టిగ పట్టించి, పిడి నేలకు సమాంతరముగ ఉండునట్లు చూడవలెను. మొన నడిమినుండి సరిగ్గా 40 సెంటీమీటర్ల దూరమున, పిడిపై చేయి వేయు చోట, తాడుతో 20 కిలోల బరువును వ్రేలాడదీయవలెను. తూనికల శాఖవారి ముద్రగల రాళ్లు దీనికి శ్రేష్ఠము. ఈ బరువువలన పడు టార్కు 78 న్యూటన్-మీటర్లకు కొంచెము పైన. రెంచి సొంత బరువు మరి రెండు మూడు కలుపును. మొత్తము ఇంచుమించు 81. రెంచిని 75కు అమర్చి బరువును నెమ్మదిగ వదలినచో టిక్కుమనవలెను. 90కి అమర్చినచో టిక్కుమనరాదు. ఈ రెంటిలో ఏది తప్పినను ఆ రెంచిని నమ్మరాదు. పరీక్షించునప్పుడు కాళ్లు బరువు క్రింద ఉంచరాదు.

యంత్రముల నిర్వహణను చేతితో చేసి నేర్చుకొనగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణలు ఇవ్వబడుచున్నవి.

ముఖ్య విషయములు

1. ముందు బండి పుస్తకమునుండి అంకెలు వ్రాసికొని, పిదప రెంచి కొనుడు.

2. మీరు తరచుగ బిగించు అంకె రెంచి కొలతల నడుమ పడవలెను.

3. అరుదుగ వాడువారికి ముల్లు కడ్డీ రకము, తరచుగ వాడువారికి క్లిక్కు రకము తగును.

4. శుభ్రమైన, పొడియైన మరలపైననే కొలుచుడు. ఎదురెదురు నట్ల క్రమము తప్పకుడు.

5. ఒక్క టిక్కుతో ఆపుడు. విప్పుటకు దీనిని వాడకుడు.

6. వాడిన తరువాత తక్కువ అంకెకు త్రిప్పి పెట్టెలో ఉంచుడు.

చక్రపు నట్ల అంకెను ఒక చీటీపై వ్రాసి కారులో స్టెప్నీ వద్ద అంటించుట అందరును చేయదగిన పని. రెంచి లేనివారు సైతము పంక్చరు షాపులో ఆ చీటీ చూపి, అంతకే బిగింపుమని కోరవచ్చును. పానాపై ఎక్కి నిలువనీయకుడు.